సంచి ఫోటో

నేను విదేశాలు తిరగడం మొదలుపెట్టాక, కామారెడ్డిలో నన్ను చూసి పక్క గల్లీలోకి మళ్లిపోయేవాళ్లు బాగా పెరిగారు. నేపాల్ నుంచి వచ్చినప్పుడు నాకు చాయ్ తాగించి మరీ ఫోటోలు చూశారు. శ్రీలంక నుంచి వచ్చినప్పుడు చాయ్ నేను తాగించాల్సి వచ్చింది. థాయిలాండ్ తర్వాత చాయ్‌తో పాటు సమోసా పెట్టిస్తానన్నా ఎవడూ ఆగలేదు. పొద్దున గ్రౌండులో నాతో నడిచే మిత్రులు నాకంటే అరగంట ముందే నడక ముగించి ఇళ్లకు పోవడం నేర్చుకున్నారు. మంగలి దుకాణంలోనైతే కుర్చీలో ఉన్నవాడు లేచి పారిపోలేడు కదా అని ఒకాయనకు వియత్నాం పడవలు చూపించబోయాను. "సార్, జర అవుతలికి జరుగుండ్రి. ఆయన నవ్వితే కత్తి తగుల్తది," అన్నాడు మంగలి. నిజానికి ఆయన నవ్వడం లేదు.

తప్పు వాళ్లది కాదు, నా ఉద్యోగానిది. ముప్పై ఏళ్లు సాంఘికశాస్త్రం చెప్పాను. ఆసియా ఖండాన్ని పుస్తకం చూడకుండా నల్లబల్ల మీద గీసేవాణ్ని. నేను మాట్లాడుతుంటే గంట కొట్టేదాకా ఒక్కడూ కదిలేవాడు కాదు. అదంతా నా ప్రతిభే అనుకున్నాను. రిటైరయ్యాక గాని తెలియలేదు, అది బడి గంట మహిమ అని. ఇప్పుడు నాకు కావలసింది ఒక్కటే. మొదటి ఫోటో నుంచి ఆఖరి ఫోటో దాకా లేవకుండా కూర్చునే మనిషి, ఒక్కరు చాలు. మా ఆవిడను అడిగితే, "మీతోని నేను గూడ టూరుకొస్తే ఇంటికొచ్చినంక ఎవలకు చెప్తరు? అందుకే వస్తలేను," అంటుంది. చెప్పినా వినదు, అది వేరే సంగతి.

అలాంటి మనిషి నాకు ఎల్లారెడ్డిలో దొరికింది.

ఎల్లారెడ్డిలో మా అక్క ఉంటుంది. అక్క ఇంటి పక్కన ఒక అవ్వ. డెబ్భైకి దగ్గర పడ్డది. బీడీలు చుడుతుంది. ఆమెను చేట లేకుండా నేనెన్నడూ చూడలేదు. ఒళ్లో చేట, చేటలో తునికాకు, తంబాకు, దారం. మాట్లాడుతున్నా, కోపగించుకున్నా, టీవీ చూస్తున్నా వేళ్లు వాటి పని అవి చేసుకుపోతూ ఉంటాయి. ఆమె ఒక్కగానొక్క కొడుకు షార్జాలో పని చేస్తాడు. వాడు నా దగ్గర ఎనిమిదో తరగతి చదివాడు. అరేబియా సముద్రం చూపించమంటే పటంలో నాగపూర్ మీద వేలు పెట్టినవాడు. ఆ రోజు వాణ్ని బెంచీ ఎక్కించాను. ఇప్పుడు వాడు ఆ సముద్రం అవతలే ఉన్నాడు, నేను ఇవతల పింఛను తీసుకుంటున్నాను.

పోయిన సంవత్సరం మా రిటైర్డు టీచర్ల బృందం ఉజ్బెకిస్తాన్‌కు టికెట్లు తీసుకుంది. హైదరాబాదు నుంచి షార్జా, అక్కడ ఆరు గంటలు ఆగి తాష్కెంట్. ఈ విషయం నేను అక్క ఇంటి అరుగు మీద కూర్చుని, గాలిలో వేలితో పటం గీస్తూ చెప్తున్నాను. చుట్టూ నలుగురైదుగురు ఉన్నారు. షార్జా అనగానే అవ్వ తలెత్తింది.

"షార్జా అంటే మా పోరడున్న షార్జానేనా కొడుకా?"

"ఆ షార్జానే అవ్వా. పూరా ఆరు గంటలు ఆడనే ఉంట."

"గట్లైతే వానికో సంచి ఇస్త, తీస్కపోతవా? వాడొచ్చి మూడేండ్లాయె. నా చేతి తిండి తినక మూడేండ్లాయె."

"సంచేంది అవ్వా, బండెడిచ్చినా తీస్కపోత."

అక్క పక్కనుంచి గొణిగింది. "తమ్మీ, నడుమల దిగితె బయటికి పోనిస్తరా ఆడ? గల్ఫ్‌కు పోయేటోళ్లు కాయితాలు, వీసాలు అంటరు గద."

"నువ్వు నాకు భూగోళం చెప్తవా అక్కా?" అన్నాను. అందరూ నవ్వారు. అక్క నోరు మూసుకుంది. ఆ నవ్వు నాకు ఎంత హాయిగా ఉండిందో ఇప్పుడు తలుచుకుంటే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

మా వైపు ఒక పద్ధతి ఉంది. ఎవరు గల్ఫ్‌కు పోతున్నా తెలిసినవాళ్లు తమవాళ్ల కోసం సంచులు తెచ్చి ఇస్తారు. తీసుకపోయినవాడు ఊరికే ఇచ్చి వస్తే కుదరదు. అందుకున్న మనిషి చేతిలో సంచి పట్టించి, నిలబెట్టి ఫోటో తీసి ఇంటికి పంపాలి. సంచి ఫోటో అంటారు దాన్ని. అది వస్తేనే సంచి చేరినట్టు లెక్క. వాడు ఫోనులో వెయ్యిసార్లు అందిందని చెప్పినా సరే, తల్లులకు ఆ ఫోటో కావాలి. మన ఊరి మనిషి కళ్లతో చూసి తీసిన ఫోటో కదా. బిడ్డ బక్కచిక్కాడా, ఒళ్లు చేశాడా, ఆ ఫోటోలోనే చూసుకుంటారు.

ప్రయాణం ముందురోజు అవ్వ సంచి ఇచ్చింది. పాత పచ్చచీర ముక్కతో కుట్టిన చేతిసంచి. మీద ఎర్రదారంతో కొడుకు పేరులో మొదటి అక్షరం. లోపల సకినాలు. రెండు రోజులు బీడీలు పక్కన పెట్టి చేసిందట. అవ్వ రెండు రోజులు చేట ముట్టలేదంటే అదెంత పెద్ద మాటో ఆ వాడకట్టుకు తెలుసు. "ఫోటో మంచిగ తియ్యి కొడుకా, మొఖం కనవడేటట్టు," అంది. "ఫోటోల సంగతి నాకు చెప్తున్నవా అవ్వా!" అన్నాను.

షార్జాలో దిగేసరికి అప్పుడప్పుడే తెలవారుతోంది. సంచి పట్టుకుని బయటికి పోయే దారి వైపు నడిచాను. అక్కడ నిలబడ్డ ఉద్యోగి "వీసా?" అన్నాడు. నేను తాష్కెంట్ టికెట్ చూపించాను. తల అడ్డంగా ఊపాడు. సంచి చూపించాను. నవ్వి, మళ్లీ అడ్డంగా ఊపాడు. నేను ముప్పై ఏళ్లు ఉపాధ్యాయుణ్నని ఇంగ్లీషులో విన్నవించుకున్నాను. ఆయన ఎంతో మర్యాదగా నాకు ఒక కుర్చీ చూపించాడు. విమానం మారేవాళ్లకు వీసా లేకపోతే గడప దాటే వీలు లేదు. అది పది చదవని అక్కకు తెలుసు. ఖండాలు గీసే నాకు తెలియదు.

ఫోను మోగింది. "సార్, నేను బయట పార్కింగుల ఉన్న. మీరెటు దిక్కు?"

వాడు పొద్దుటి డ్యూటీ మానుకుని రెండు బస్సులు మారి వచ్చాడు. నేను లోపల అద్దాల గోడ దగ్గరికి పరుగెత్తాను. "అద్దం దగ్గరున్న బిడ్డా, చెయ్యి ఊపుతున్న, కనవడుతున్ననా?"

"మస్తు అద్దాలున్నయి సార్. ఏ అద్దం?"

ఏ అద్దమో నేనూ చెప్పలేకపోయాను. మసక వెలుతురు. కింద ఎక్కడో కార్ల వరుసలు, చీమల్లా మనుషులు. అందులో ఎవడు వాడో! నేను ఫోను పైకెత్తి ఒక ఫోటో తీశాను, పెద్దది చేసి చూస్తే దొరుకుతాడేమోనని. వెలుతురు చాలక ఫ్లాష్ దానంతట అదే వెలిగింది. ఫోటోలో అద్దం మీద తెల్లటి మెరుపు, మెరుపు వెనుక సగం నా మొహం, అంచుల్లో నాలుగు కార్లు. అంతే.

నలభై నిమిషాలు అట్లా ఇద్దరం గోడకు చెరోవైపు ఫోనులో మాట్లాడుకున్నాం. చివరికి వాడే అన్నాడు. "ఫికర్ చెయ్యకుండ్రి సార్. అమ్మకు అందిందనే చెప్దాం. నేను గూడ గదే చెప్త. సంచి మాత్రం వాపస్ తీస్కపోకుండ్రి, చూస్తె ఏడుస్తది." బస్సుకు వేళవుతోందని ఫోను పెట్టేశాడు. వాణ్ని బెంచీ ఎక్కించిన రోజు గుర్తొచ్చింది. నన్ను ఎక్కించేవాళ్లు ఎవరూ అక్కడ లేరు.

అంత బాధపడ్డవాణ్ని ఏం చేయాలి? మూలన కూర్చుని ఏడవాలి. నేను ఆ ఆరు గంటల్లో ఆ విమానాశ్రయంలో నలభై ఫోటోలు తీశాను. అమ్మకానికి పెట్టిన ఒంటె బొమ్మలు, ఖర్జూరం డబ్బాలు, చెయ్యి చూపితే నీళ్లొచ్చే నల్లాలు.

సమర్‌కంద్‌లో నాలుగో రోజు. నీలిరంగు గుమ్మటాలు కళ్లు చెదిరేలా ఉన్నాయి, కడుపులు మాత్రం మాడిపోతున్నాయి. మా బృందంలో సగం మంది మాంసం ముట్టరు, తక్కిన సగానికి డాక్టర్లు వద్దన్నారు. నాలుగు రోజులుగా రొట్టె, టమాటా. చౌరస్తాలో బెంచీ మీద కూర్చున్నప్పుడు ఒకాయన ముక్కు ఎగబీల్చి, "సార్, మీ దగ్గర వాము వాసనొస్తుంది," అన్నాడు. ఎట్లాగూ వాపస్ తీసుకపోవద్దన్నాడు కదా, ఉంటే పాడవుతాయి కదా అనుకుని సంచి విప్పాను. సకినాలు నెల దాటినా పాడు కావని మా జిల్లాలో పసిపిల్లకు కూడా తెలుసు. నాకూ తెలుసు. ఆకలికి తెలియదు.

పది నిమిషాల్లో సంచి ఖాళీ. ఆ తర్వాత అందరికీ ఒకటే దాహం. నీళ్ల సీసాలు వరుసగా ఖాళీ చేస్తున్నాం. "ఈ దేశంలో సముద్రం దగ్గరలో లేదు కదా, పొడి గాలి. అందుకే గొంతు ఆరిపోతుంది," అని బెంచీ మీద కూర్చునే అందరికీ పాఠం చెప్పాను. ఎవరూ కాదనలేదు. నా నోటుపుస్తకంలో కూడా రాసుకున్నాను.

ఊరికి రాగానే అవ్వ నా రెండు చేతులూ పట్టుకుంది.

"ఇచ్చినవా కొడుకా?"

"ఇచ్చిన అవ్వా."

"తిన్నడా?"

తిన్నడు అని ఊరుకుంటే సరిపోయేది. నాకు మాట దొరికితే ఆగుతానా! "నా ముందట్నే నాలుగు తిన్నడు. మా అమ్మ చేతి రుచి ఎవ్వలకు రాదు సార్ అన్నడు. కండ్లల్ల నీళ్లు వెట్టుకున్నడు," అన్నాను.

అవ్వ నా మొహంలోకి కాసేపు చూసింది. "ఊఁ" అంది. "మరి సంచి ఫోటో?"

"ఫోన్ల చార్జింగ్ అయిపోయింది అవ్వా."

ఇంకేం అడగలేదు. గండం గడిచిందనుకున్నాను. షార్జా ఫోటోలన్నీ, సమర్‌కంద్‌లో సంచి కనబడే ఫోటోలన్నీ వెతికి వెతికి ఫోనులో చెత్తబుట్టలో పడేశాను. ఆ తర్వాత, సిగ్గు లేనివాణ్ని, ఎల్లారెడ్డిలో ప్రదర్శన పెట్టుకున్నాను. అక్క ఇంట్లో కొత్త పెద్ద టీవీ వచ్చింది. ఫోనుకూ టీవీకీ తీగ కలిపి, నాలుగు ఆదివారాలు మధ్యాహ్నం పూట ఉజ్బెకిస్తాన్ చూపిస్తానని వాడకట్టంతా చెప్పాను.

మొదటి ఆదివారం ఇరవై మంది వచ్చారు. రెండో ఆదివారం ఆరుగురు. మూడో ఆదివారం అక్కా, అవ్వా. అక్క కూడా కుక్కరు కూత వేసినప్పుడల్లా లేచేది, కుక్కరు పెట్టని రోజు కూడా లేచింది. అవ్వ మాత్రం కదలలేదు. గోడకు ఆనుకుని, చేట ఒళ్లో పెట్టుకుని, కళ్లు టీవీకి అప్పగించి కూర్చుంది. ప్రతి ఫోటోకూ ఒక్క ప్రశ్న వేసేది.

"గిది షార్జా పోయినంకనా, పోకముందా?"

"పోయినంక అవ్వా."

ఎంత చారిత్రక దృష్టి అనుకున్నాను! ముప్పై ఏళ్లలో ఒక్క విద్యార్థి ఏది ముందు, ఏది వెనుక అని అడిగిన పాపాన పోలేదు. నేను పొడి గాలి సంగతి, దాహం సంగతి చెప్పినప్పుడైతే, "ఎన్ని నీళ్లు తాగిండ్రు?" అని అడిగింది. "మనిషికి రెండేసి సీసాలు," అన్నాను. తల ఊపింది. కామారెడ్డికి తిరిగి వచ్చే బస్సులో నాకు ఆనందంతో కాళ్లు నేల మీద ఆనలేదు. "వినేవాళ్లు లేరంటివి, చూడు, ఎల్లారెడ్డిలో ఒక నిరక్షరాస్యురాలికి నా విలువ తెలిసింది," అని మా ఆవిడతో అన్నాను. అక్క మాత్రం ఒకటి రెండుసార్లు, "ఆమె గుమ్మటాల కోసం వస్తలేదు తమ్మీ. ఏమన్న ఫోటో ఉంటే చూపెట్టరాదు," అంది. నేను వినలేదు. వినడం నాకు అలవాటు లేని పని.

నాలుగో ఆదివారం ఫోటోలు వాటంతట అవే మారేటట్టు పెట్టి, అక్క ఇచ్చిన చాయ్ ఊదుకుంటూ వ్యాఖ్యానం చెప్తున్నాను. నీలి గుమ్మటం, ఇంకో నీలి గుమ్మటం. తర్వాతి ఫోటోలో నేను. బెంచీ మీద కూర్చుని నోరు బార్లా తెరిచి ఉన్నాను. నోట్లో సగం సకినం. ఒళ్లో పచ్చసంచి, దాని మీద ఎర్రదారం అక్షరం, టీవీ అంత పెద్దగా. నేను తీసినవైతే చెరిపేశాను గాని, మా బృందంలోవాళ్లు తీసి వాట్సాప్‌లో పంపినవి కూడా అదే ఫోనులో చేరుతాయన్న సంగతి ఈ మేధావికి తట్టలేదు.

అవ్వ వేళ్లు ఆగిపోయాయి. చేట ఒళ్లో ఉండగా ఆమె వేళ్లు ఆగడం నేను చూడటం అదే మొదలు. అక్క వంటింటి గుమ్మంలో నిలబడిపోయింది.

"గిది షార్జా పోయినంకనా, పోకముందా?" అంది అవ్వ. గొంతులో కోపం లేదు. అదే నన్ను చంపింది.

"పోయినంక అవ్వా," అన్నాను. ఆ సంచి గురించి నేను ఆమెకు చెప్పిన మొదటి నిజం అది. ఆ తర్వాత సంచి కథంతా చెప్పేశాను. వీసా సంగతి, బెంచీ మీద ఆకలి.

"నాకెరికే కొడుకా," అంది అవ్వ. "నీకు సంచిచ్చిన తెల్లారి ఇంట్ల మిగిలిన విరిగిన ముక్కలు నోట్లేసుకున్న. ఉప్పు విషం. పిండిల రెండుసార్లు వేసిన గావచ్చు, వాని యాదిల. మావోడు కూరల ఉప్పు జరెక్కువైతె పల్లెం నూకేస్తడు. గసొంటోడు ఫోన్ల, మస్తున్నయి అమ్మా అన్నడు. నువ్వేమొ నాలుగు తిన్నడంటివి. అప్పుడే సమజైంది, వాని నోట్లకు పోలేదని."

"మరి నాలుగు ఆదివారాలు ఎందుకు కూసున్నవ్ అవ్వా?"

"సంచి యాడికి పోయిందో చూద్దామని. నువ్వు గోడ గోడకు ఫోటో తీస్తవు. యాడనో ఒక దిక్కు కనవడకపోతదా అనుకున్న." చేటలోని తునికాకులు అటూ ఇటూ సర్దింది. "దాహమైందంటివి గద. గప్పుడు జర నవ్వొచ్చింది."

గుమ్మంలోంచి అక్క పైట అడ్డం పెట్టుకుని నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు. నాకు నేల చీలితే బాగుండుననిపించింది. నా గుమ్మటాలు, నా వ్యాఖ్యానం, నా పొడి గాలి, అన్నీ ఒక ముసలామె ఎంత ఓపికగా దాటుకుంటూ వచ్చిందో!

"వాడొచ్చిండా మరి? ఎయిర్‌పోర్టుకు?"

"వచ్చిండు అవ్వా. పొద్దుగాల డ్యూటీ మానుకుని, రెండు బస్సులు మారి వచ్చిండు."

"నీకెంత దూరముండె?"

"మన ఇంటికెల్లి బస్టాండంత గూడ లేకుండె."

"నువ్వు చూసినవా?"

"చూడలే అవ్వా. అద్దం అవుతల ఉండె. గా దిక్కు ఒక ఫోటో తీసిన గని, అందుల ఏం కనవడది."

"చూపెట్టు."

చెత్తబుట్టలోంచి దాన్ని వెతికి తీశాను. ఎన్నో దేశాల్లో వేల ఫోటోలు తీశాను, ఇంత చెడ్డది ఇంకోటి లేదు. టీవీ మీద పెట్టాను. నల్లటి అద్దం, నడుమ తెల్లటి మెరుపు, అంచుల్లో మసగ్గా నాలుగు కార్లు. అవ్వ చేట దించి కింద పెట్టింది. లేచి, టీవీ దగ్గరికి పోయి, కొంగుతో ఆ తెల్లటి మచ్చను తుడిచింది. పోలేదు. మళ్లీ తుడిచింది.

"గీ నడుమ అడ్డమొచ్చిందేంది కొడుకా?"

"నేనే అవ్వా," అన్నాను. "అద్దంల నా మొఖం వడ్డది."

ఆమె ఆ మచ్చ చుట్టూ, అంచుల్లో ఉన్న ఒక్కో కారు పక్కనా వేలు పెట్టి చూస్తూ పోయింది. అన్నీ అయ్యాక వేలు మళ్లీ నా మొహం దగ్గరికే వచ్చి ఆగింది.

"జర పక్కకు జరుగరాదు కొడుకా," అంది. "వాడు గీ ఎనుక ఉన్నట్టుండు."

నేను కుర్చీలో పక్కకు జరిగాను.